ఆకుపచ్చ దీపాల బండి

మా ఇంట్లో కాఫీ వాసనకి వేడెక్కిన నూనె వాసన ఎప్పుడూ తోడుండేది. గోడకి ఇవతల ప్రయాణికులు కూర్చునే గది, బొగ్గుల పొయ్యి, టికెట్ల కిటికీ. గోడకి అవతల సబ్‌స్టేషన్. అందులో ఒక పెద్ద యంత్రం పగలూ రాత్రీ తిరుగుతూ, ఎక్కడో నది ఒడ్డున పుట్టిన కరెంటుని మా రైలుబళ్ళకి పనికొచ్చేలా మార్చి, పట్టాల మీద వేలాడే రాగి తీగలోకి పంపేది. మేడ మీద రెండు గదుల్లో నేనూ మా ఆయన ఎమ్మెట్టూ కాపురం. పెళ్ళైన కొత్తలో ఆ రొదకి నాకు తలనొప్పి వచ్చేది. తర్వాత తర్వాత అది ఆగితేనే ఉలిక్కిపడి లేచేదాన్ని.

ఊరు అనడానికి అక్కడ ఏమీ లేదు. వెల్డన్‌కీ హార్పర్‌విల్‌కీ నడుమ, ఇండియానా మొక్కజొన్న చేలల్లో ఒక మలుపు. మలుపుకి కాస్త ముందు ఒక లూప్‌లైను. దాని పక్కన మా ఇటుకల కట్టడం. స్టౌట్ మలుపు అనేవాళ్ళు. టికెట్లు అమ్మడం, యంత్రానికి నూనె పొయ్యడం, కంట్రోలు ఆఫీసు నుంచి ఫోనొస్తే ఆ మాట డ్రైవర్లకి చెప్పడం నా పని. ఆడమనిషికి యంత్రం అప్పగించడమేమిటని కంపెనీ పెద్దలు మొదట గొణిగారు. నాకు ముందున్న మగమనిషి తాగి ఆ యంత్రం పక్కనే గుర్రుపెట్టి నిద్రపోయాడని తెలిశాక గొణగడం మానేశారు.

ఆ రోజుల్లో కరెంటు రైలంటే మావాళ్ళకి ప్రాణం. పొగ లేదు, మసి లేదు. చేను గట్టున నిలబడి చెయ్యి ఊపితే ఆగేది. గుడ్ల బుట్ట పట్టుకుని పట్నం వెళ్ళి, అమ్ముకుని, మధ్యాహ్నం భోజనానికి ఇంటికి వచ్చేసేవాళ్ళు. అమ్మాయిలు హైస్కూలుకి వెళ్ళేవాళ్ళు, సాయంత్రం షికారుకి వెళ్ళేవాళ్ళు, కొందరు ఆ షికార్లలోనే పెళ్ళి కుదుర్చుకునేవాళ్ళు. నేనూ ఆ బాపతే. ఎమ్మెట్ నడిపే బండిలో ముందు సీటు కోసం నేను పడిన పాట్లు ఇప్పుడు చెప్పుకుంటే నవ్వొస్తుంది.

పోయే బండికీ వచ్చే బండికీ పట్టాలు మాత్రం ఒకటే జత. ఒకటి లూప్‌లైనులోకి తప్పుకుని ఆగుతుంది, ఎదురుబండి దాటిపోయాక బయల్దేరుతుంది. జనం ఎక్కువైన రోజున ఒకే బండి చోట రెండు బళ్ళు ఒకదాని వెనక ఒకటి వస్తాయి. అప్పుడు మొదటి బండి నుదుటి మీద రెండు ఆకుపచ్చ దీపాలు పెడతారు. ‘నేను ఒక్కదాన్నే కాదు, నా వెనక ఇంకోటి ఉంది, కదలకు’ అని దాని అర్థం. దీపాలు కనపడకపోతాయేమో అని కూత కూడా వేస్తారు. ఒక పొడుగు, రెండు పొట్టి. ఆగి ఉన్న బండి రెండు పొట్టి కూతలతో జవాబివ్వాలి. చూశాను, ఆగుతాను అని. జవాబిచ్చాక, ఆ వెనకది వచ్చి దాటేవరకూ కదలకూడదు. అది మాటిచ్చినట్టే.

నేను రాకముందు ఒకసారి ఇది తప్పింది. సంత రోజులు. లూప్‌లైనులో ఆగిన డ్రైవరుకి పొద్దుగుంకే ఎండ కళ్ళలో పడి ఆకుపచ్చ దీపాలు కనపడలేదు. బండి నిండా సంతకి వెళ్ళే పిల్లల గోల, కూతా వినపడలేదు. తీశాడు. మలుపులో రెండోది ఎదురొచ్చింది. చెక్క బళ్ళు కదా... పెట్టెలో పెట్టె దూరినట్టు దూరిపోయాయి. ఆ రెండో బండి డ్రైవరు గుద్దుకునే ముందు చేలోకి దూకేశాడు. ఒంటి మీద గీత పడలేదు. అతని వెనక కూర్చున్నవాళ్ళలో ఒక్కరూ మిగల్లేదు. వారం తిరక్కుండా అతను ఊరొదిలి పోయాడు. జనం చచ్చినవాళ్ళ పేర్లు మర్చిపోయారు గానీ దూకినవాడి పేరు మర్చిపోలేదు.

అప్పటినుంచి స్టౌట్ మలుపు దగ్గర ఒక ఆచారం ఉండేది. దీపాలూ కూతలూ ఎన్ని ఉన్నా, ఆగి ఉన్న డ్రైవరు కిటికీ దించి, “ఇంకా ఉందా?” అని అరవాలి. దాటిపోయే డ్రైవరు, “నాతో సరి!” అని అరవాలి. ఆ మాట చెవిన పడందే ఎమ్మెట్ బండి కదిలించేవాడు కాదు. ఒకసారి ఎదురు డ్రైవరుకి గొంతు పోయి అరవలేకపోతే, ఆ బండి వెనకాలే పరిగెత్తి, ఆపించి, తలూపించుకుని వచ్చాడు. లైనంతా అతన్ని మా ఇంటిపేరు కలిపి ‘గ్రబ్ అమ్మమ్మ’ అని ఏడిపించేవాళ్ళు.

“నీ మొగుడు పెళ్ళిలో కూడా ఇంకా ఉందా అని అడిగే ఉంగరం తొడిగుంటాడు ఆల్టమ్మా,” అనేవాడు అతని కండక్టరు హోబర్ట్ లట్జ్.

కంపెనీకి మాత్రం నవ్వు రాలేదు. మాటిమాటికీ ఆలస్యం చేస్తున్నాడని చివాట్లు పెట్టారు. ఇంకొక్కసారి జరిగితే పిడి తీసేసుకుంటామన్నారు. డ్రైవరు దగ్గర ఒక ఇత్తడి పిడి ఉండేది. అది తగిలిస్తేనే బండి కదులుతుంది. దిగినప్పుడు ఊడదీసి జేబులో పెట్టుకుంటాడు, పడుకునేటప్పుడు మంచం పక్క మేకుకి తగిలిస్తాడు. పిడి పోతే పని పోతుంది. ఎమ్మెట్‌కి ఆ బండి తప్ప ఇంకో లోకం లేదు. అది పోతే మనిషి ఏమైపోతాడో అని నాకు లోపల బెంగగా ఉండేది.

అది డిసెంబరులో ఒక సాయంత్రం. మంచు కరిగి, చేలల్లోంచి పొగమంచు లేచింది. దీపాలు పెట్టే వేళకే చీకటి పడిపోయింది. ఎమ్మెట్ బండి హార్పర్‌విల్ వైపు వెళ్తూ మా లూప్‌లైనులో ఆగింది. లోపల ఒక టీచరమ్మ, ఆమె వెంట బడి నుంచి ఇళ్ళకి వెళ్ళే ఆడపిల్లలు. కోడిపుంజుని ఒళ్ళో పెట్టుకున్న ఒక ముసలావిడ. పొయ్యిలు అమ్ముకునే సేల్స్‌మన్ ఒకడు, గుండ్రటి టోపీ వాడు. కిటికీల వెనక పసుపు వెలుతురులో అంతా వెచ్చగా కనపడ్డారు.

నేను ఎమ్మెట్‌కి కాఫీ తీసుకెళ్ళాను. అతను కిటికీలోంచి చెయ్యి చాచాడు.

“రాత్రికి ఏమిటి?”

“చిక్కుడుగింజలు, మొక్కజొన్న రొట్టె.”

“మళ్ళీనా?”

“నువ్వు ఆలస్యం చెయ్యకుండా జీతం పెంచుకో, మాంసం వండుతాను.”

నవ్వాడు. అప్పుడే మలుపు అవతల ఎదురుబండి దీపం మసగ్గా కనపడింది. పట్టాలు సన్నగా ఒణికాయి. పొగమంచు తెల్లబడింది. బండి ముఖం బయటికొచ్చింది.

దాని నుదుటి మీద రెండు ఆకుపచ్చ దీపాలు.

కూత లేదు. ఎమ్మెట్ మెడ చాచి అరిచాడు. “ఇంకా ఉందా?”

“నాతో సరి, అమ్మమ్మా!” అని ఆ కుర్ర డ్రైవరు నవ్వుతూ అరిచి దాటిపోయాడు.

ఎమ్మెట్ చేతిలో కప్పు అలాగే ఉండిపోయింది. “ఆల్టా... దీపాలు చూశావా?”

“చూశాను.”

“ఏ దీపాలు?” అన్నాడు హోబర్ట్ మెట్టు మీంచి. “దాని మొహం మీద ఏవీ లేవే! నేను ఇక్కడే ఉన్నాగా.”

టీచరమ్మని అడిగాం. చూడలేదంది. ముసలావిడా చూడలేదంది. నాకూ ఎమ్మెట్‌కీ తప్ప ఎవరికీ కనపడలేదు. నాకు అప్పటిదాకా దెయ్యాలంటే నమ్మకం లేదు. యంత్రంతో కాపురం చేసేదాన్ని, లెక్క తప్పిన ప్రతిదానికీ ఎక్కడో వదులైన నట్టు ఉంటుందని నా నమ్మకం. అయినా ఆ దీపాల పచ్చదనం నచ్చలేదు. చెరువు నాచు రంగు. మా దీపాలు అలా ఉండవు.

ఎమ్మెట్ గదిలోకి వచ్చి కంట్రోలు ఆఫీసుకి ఫోను చేశాడు. అక్కడ బళ్ళు నడిపించే అధికారి క్రోయిల్ గారి గొంతు నాకూ వినపడుతూనే ఉంది.

“దీపాలా? ఎవడు పెట్టాడయ్యా దీపాలు? దాని వెనక ఏమీ లేదు. హార్పర్‌విల్ దాకా లైను ఖాళీ.”

“నేను చూశానండి. మా ఆవిడా చూసింది.”

“మీ ఆవిడకి నేను బండి ఇవ్వలేదు, నీకిచ్చాను. ఇప్పుడు తీస్తావా, రేపు పొద్దున పిడి తెచ్చి నా బల్ల మీద పెడతావా?”

ఫోను పెట్టేశాడు. బయట సేల్స్‌మన్ కిటికీలోంచి తల పెట్టి, “ఏమయ్యా, గుడ్లు పొదుగుతున్నావా?” అని అరిచాడు. పిల్లలు కిసుక్కుమన్నారు. హోబర్ట్ ఎమ్మెట్ భుజం మీద చెయ్యేశాడు.

“పోదాం పదరా. నీకు కళ్ళు అలిసిపోయాయి. రేపు నీ పని పోతే, నాకు ఇంకో అమ్మమ్మ దొరకదు.”

ఎమ్మెట్ నా వంక చూశాడు. అలా చూసినప్పుడు నేను ఆగమని ఉంటే ఆగేవాడు. పిడి పోగొట్టుకోమని నేనెలా చెప్పను?

“పోతాను ఆల్టా,” అన్నాడు మెల్లిగా. “రొట్టె వెచ్చగా ఉంచు.”

అతను వెళ్ళి బండెక్కాడు. నేను గోడ అవతలికి, యంత్రం దగ్గరికి వెళ్ళాను. ఊరికే కాదు. ఆ యంత్రం గొంతు నాకు తెలుసు. లైను ఖాళీగా ఉంటే సన్నగా పాడుతుంది. ఎక్కడైనా బండి కరెంటు లాగితే గొంతు బరువెక్కుతుంది. దాటిపోయిన బండి ఈపాటికి వెల్డన్ దగ్గర పల్లంలో ఉంటుంది, దానికి కరెంటు అక్కర్లేదు. ఎమ్మెట్ ఇంకా కదల్లేదు. యంత్రం సన్నగా పాడాలి.

పాడటం లేదు.

మూలుగుతోంది. నేల అదురుతోంది. మలుపు అవతల ఎత్తు ఎక్కుతూ, నిండా జనంతో, బరువైన బండేదో తీగలోంచి కరెంటు గుటకలేస్తోంది... లైను ఖాళీ అన్నాడు క్రోయిల్. ఖాళీ లైను అలా లాగదు. బయట గంట మోగింది. ఎమ్మెట్ బండి కదులుతోంది.

ఆలోచించలేదు. రెండు చేతులతో మెయిన్ స్విచ్ మీట పట్టుకుని కిందికి లాగేశాను. నీలి మెరుపు ఒకటి చటుక్కున ఎగిసింది. దీపాలన్నీ పోయాయి. యంత్రం గొంతు దిగుతూ దిగుతూ... ఆగిపోయింది. అంత నిశ్శబ్దం నేను ఆ ఇంట్లో ఎప్పుడూ వినలేదు.

చీకట్లో తడుముకుంటూ బయటికి పరిగెత్తాను. ఎమ్మెట్ బండి లూప్‌లైను చివర, పెద్ద పట్టాల్లో కలిసే చోటుకి కాస్త ఇవతల ఆగిపోయి ఉంది. లోపల పిల్లలు ఏడుస్తున్నారు. “కరెంటు ఏమైంది?” అని హోబర్ట్ అరుస్తున్నాడు. నేను ఎమ్మెట్ కిటికీ కింద నిలబడి రొప్పుతున్నాను.

“నేనే తీశాను,” అన్నాను.

అతను పైకి చూస్తున్నాడు.

తల మీద రాగి తీగ సన్నగా... పాడుతోంది.

ప్రాణం లేని తీగ. స్విచ్ నా చేత్తో తీశాను. అందులో కరెంటు చుక్క లేదు. అయినా పాడుతోంది. దగ్గరవుతోంది. పొగమంచు మలుపు వైపు తెల్లబడింది. ఒక వాసన వచ్చింది. ఎండిన గడ్డి, వేయించిన మొక్కజొన్న గింజలు, చెమట. ఎండాకాలపు సంత వాసన. డిసెంబరులో.

“దేవుడా,” అన్నాడు హోబర్ట్, గొంతు లోపల. ఈసారి అతనికీ కనపడింది. అందరికీ కనపడింది. కోడిపుంజు కూడా గుడ్లప్పగించి నోరు మూసుకుంది.

బండి వచ్చింది. పాతకాలపు చెక్క బండి, కిటికీల నిండా వెలుతురు. ప్రతి సీట్లోనూ మనుషులు. ఆడవాళ్ళు తెల్లటి పల్చటి గౌన్లలో, మగవాళ్ళు గడ్డి టోపీల్లో. ఒక పాప చేతిలో కాగితపు గాలిమర. అందరూ నిటారుగా కూర్చుని ముందుకే చూస్తున్నారు. ఎవరూ మాట్లాడుకోవడం లేదు. చక్రాల చప్పుడు లేదు. ఆ గాలిమర తిరుగుతున్న చప్పుడు మాత్రం వినపడింది... టకటకటక.

డ్రైవరు నిలబడే చోటు ఖాళీ.

పిడి ఉండాల్సిన చోట ఒట్టి ఇనుప మొన. ఎవరూ తోలకుండానే ఆ బండి మా ముందుకొచ్చి నెమ్మదించింది. ఎమ్మెట్ కిటికీకి ఎదురుగా వచ్చేసరికి, లోపలున్న వాళ్ళందరూ ఒక్కసారిగా తలలు తిప్పారు. నా వైపు కాదు. పిల్లల వైపు కాదు. ఎమ్మెట్ వైపు. కోపం లేదు ఆ మొహాల్లో. ఆశగా చూశారు. స్టేషన్లో చాలాసేపు కూర్చున్నవాళ్ళు స్టేషన్ మాస్టర్ని చూసినట్టు చూశారు.

ఆ బండి నుదుటి మీద ఆకుపచ్చ దీపాలున్నాయి.

కూత వేసింది. తాడు లాగేవాడు లేకుండానే. ఒక పొడుగు. రెండు పొట్టి.

ఎమ్మెట్ చెయ్యి పైకి లేచింది. “వద్దు!” అన్నాను. వినలేదు. ఇన్నేళ్ళ అలవాటు. ఆ కూత వినపడితే జవాబివ్వడం అతనికి తుమ్మితే కళ్ళు మూసుకున్నంత సహజం. కూతకి కరెంటు అక్కర్లేదు, ట్యాంకులో మిగిలిన గాలి చాలు. తాడు లాగాడు.

రెండు పొట్టి కూతలు.

చూశాను. ఆగుతాను.

ఆ తలలన్నీ మళ్ళీ ముందుకి తిరిగాయి. బండి పొగమంచులోకి వెళ్ళిపోయింది. తీగ పాట ఆగిపోయింది. సంత వాసన చాలాసేపు ఉండిపోయింది.

టీచరమ్మ పిల్లల్ని దింపి, చేతులు పట్టించి, చేను అవతల కనపడే రైతు ఇంటి దీపం వైపు నడిపించుకుపోయింది. సేల్స్‌మన్ తన సామాను కూడా వదిలేసి వాళ్ళ వెనకాలే పోయాడు. నేను కరెంటు తిరిగి ఇచ్చాను. యంత్రం దానంతటదే ఆగిపోయిందని క్రోయిల్ గారికి అబద్ధం చెప్పాను. ఇంకేం చెప్పను? ఎమ్మెట్ మాత్రం బండి కదిలించనన్నాడు.

“దానికీ దీపాలున్నాయి ఆల్టా. దాని వెనక ఇంకోటి ఉంది. జవాబిచ్చేశాను.”

“ఒరేయ్, అది బండి కాదురా!” అన్నాడు హోబర్ట్.

“కూత కూతే.”

తెల్లవారేదాకా పిడి గుప్పిట్లో పట్టుకుని అలాగే కూర్చున్నాడు. మూడో బండి ఏదీ రాలేదు. పొద్దున కంపెనీ మనిషి వచ్చి పిడి తీసుకుపోయాడు. వేరే డ్రైవరు వచ్చి బండి తీసుకుపోయాడు. ఎవరికీ ఏమీ కాలేదు.

ఎమ్మెట్ ఆ తర్వాత చుట్టుపక్కల పొలాల్లో కూలికి వెళ్ళాడు. పగలంతా బాగానే ఉండేవాడు. చీకటి పడే వేళకి మాత్రం లాంతరు పట్టుకుని వెళ్ళి లూప్‌లైను పక్కన నిలబడేవాడు. నేను తిట్టాను, బతిమాలాను, ఒకసారి లాంతరు దాచేశాను. లాంతరు లేకుండానే వెళ్ళి నిలబడ్డాడు. “మూడోది దాటిపోతే ఇంక రాను,” అనేవాడు. ఎదురుచూపు మనిషిని ఎలా అరగదీస్తుందో నా కళ్ళతో చూశాను. ఏమీ చెయ్యలేక ఏడ్చేదాన్ని.

లోకం మాకోసం ఆగలేదు. ప్రతి రైతూ ఒక ఫోర్డు కారు కొన్నాడు. రోడ్లకి కాంక్రీటు వేశారు, వాటి మీద బస్సులు వచ్చాయి. మా బళ్ళలో సీట్లు ఖాళీ అయ్యాయి, తర్వాత బళ్ళే ఆగిపోయాయి, తర్వాత కంపెనీయే లేదు. రాగి తీగ చుట్టచుట్టి తీసుకుపోయారు. పట్టాలు పీకి పాత ఇనుముకి అమ్మేశారు. యంత్రాన్ని విప్పి ముక్కలుగా మోసుకుపోయారు. కట్టడం మాకే వదిలేశారు. యంత్రం గది నాకు వంటిల్లయింది. పట్టాలున్న చోట గడ్డి మొలిచింది. ఎమ్మెట్ ఆ గడ్డిలోనే నిలబడేవాడు.

“పట్టాలు కూడా లేవు కదయ్యా,” అన్నాను ఒకరోజు.

“అప్పుడు కరెంటు కూడా లేదు కదా,” అన్నాడు.



పోయిన డిసెంబరులో ఒక సాయంత్రం పొగమంచు దిగింది. నేను వంటింట్లో యాపిల్ పళ్ళు చెక్కు తీస్తున్నాను. కాళ్ళ కింద నేల అదిరింది. ముందు గుండె దడ అనుకున్నాను. తర్వాత ఆ రొద గుర్తుపట్టాను. ఏ యంత్రమూ లేని గదిలో, యంత్రం మూలుగు... బరువైన బండేదో ఎత్తు ఎక్కుతోంది. వేయించిన మొక్కజొన్న వాసన కిటికీలోంచి వచ్చింది.

కత్తి పారేసి గోడ దగ్గరికి ఉరికాను. మీట కోసం రెండు చేతులూ చాచాను. చేతికి నాలుగు మేకు కన్నాలు తగిలాయి. అంతే. లాగడానికి అక్కడ ఏమీ లేదు.

బయటికి పరిగెత్తాను. గడ్డి మీద ఆ చెక్క బండి నిలబడి ఉంది. ఆగి ఉంది. ఆ రాత్రి ఆగలేదు, ఇప్పుడు ఆగింది. తలుపు తెరిచి ఉంది. లోపల గడ్డి టోపీలు, తెల్ల గౌన్లు. ఎమ్మెట్ దాని ముందు తల పైకెత్తి నిలబడ్డాడు.

“ఇంకా ఉందా?” అని అడిగాడు, ఆచారం ప్రకారం.

ఎవరూ పలకలేదు. పలకాల్సిన మనిషి చోటు ఖాళీగానే ఉంది.

“ఎమ్మెట్, ఇంట్లోకి రా...”

నా వైపు తిరిగాడు. భయం లేదు అతని మొహంలో. అదే నాకు ఎక్కువ భయమేసింది.

“తోలేవాడు లేక తిరుగుతున్నారే ఇన్నాళ్ళూ,” అన్నాడు గుసగుసగా. “పాపం... ఇళ్ళకి పోలేక.”

“నువ్వు ఎక్కకు. నీ కాళ్ళు పట్టుకుంటాను, ఎక్కకు.”

“మాటిచ్చాను కదా.”

లాంతరు గడ్డిలో పెట్టాడు. జేబులోంచి ఏదో తీశాడు. లాంతరు వెలుతురులో పసుపుపచ్చగా మెరిసింది. ఇత్తడి పిడి. కంపెనీ మనిషి నా ఎదురుగానే తీసుకుపోయిన పిడి. ఎక్కాడు. దాన్ని ఆ ఇనుప మొన మీద తగిలించాడు, టక్కుమని. నేను చెయ్యి చాచేసరికి చేతికి చల్లటి పొగమంచు తప్ప ఏమీ అందలేదు.

పొద్దున షెరీఫ్ వచ్చాడు. కుక్కలు గడ్డి మధ్య దాకా వాసన పట్టి, అక్కడే చతికిలబడి మూలిగాయి. గడ్డి అంతా తెల్లగా మంచు పేరుకుంది. ఆ తెలుపులో, పట్టాలు ఉండే ఎడంలోనే, రెండు నల్లటి గీతలు కరిగి ఉన్నాయి. మలుపు వైపు నుంచి వచ్చి, నా వాకిలి ముందు నుంచి, వెల్డన్ వైపు. ముసలాయన పొగమంచులో దారి తప్పి నదిలో పడుంటాడని రాసుకుని వెళ్ళాడు షెరీఫ్.

అతనికి ఒక్కటి చెప్పలేదు.

బండి కదిలి కొంచెం దూరం పోయాక, ఎమ్మెట్ కూత వేశాడు. ఒక పొడుగు. రెండు పొట్టి. ఎమ్మెట్ ఊరికే ఆ కూత వేసే మనిషి కాదు. వెనక ఏదీ లేకపోతే ప్రాణం పోయినా వెయ్యడు.

నేను రెండు చేతులతో నోరు నొక్కుకున్నాను. జవాబివ్వకూడదు... ఇవ్వకూడదు... ఇవ్వలేదు.

అయినా నా వెనక, పట్టాలు లేని లూప్‌లైనులోంచి, చాలా దగ్గరగా... రెండు పొట్టి కూతలు వినపడ్డాయి.